మందుల కవరంతా చూసేవాళ్లెవరు? ప్రాథమిక వైద్యంలో మందుల భద్రత

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో జలుబు, దగ్గు, జ్వరంతో ఉన్న చిన్నపిల్లలు కిడ్నీలు పాడై ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. వాళ్లకు పట్టింది కోల్డ్‌రిఫ్ అనే సిరప్. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్‌ను పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు తేలింది. అది ఫ్యాక్టరీల్లో వాడే విష ద్రావకం. మందులో 0.1 శాతానికి మించి ఉండకూడదు. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ బ్యాచ్ ఎక్కడున్నా వాడకం ఆపేయమని హెచ్చరించింది.

అదే అక్టోబరులో ఇంకో వార్త వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని తీపి పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అనే మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పోరాటం ఉంది.

అప్పటినుంచి తల్లిదండ్రుల్లో ఒకటే టెన్షన్. ఇంట్లో ఉన్న సిరప్ పారబోయాలా? ఏ కంపెనీది నమ్మాలి? ఇవి సహజంగా వచ్చే ప్రశ్నలే. అయితే ఈ రెండు వార్తల్లోనూ ఒకదానితో ఒకటి కలిసిపోయిన వేరువేరు సమస్యలు ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే, వార్తల్లోకి ఎక్కని పెద్ద సమస్య ఒకటి బయటపడుతుంది. కల్తీ లేని, సరిగ్గా తయారైన, డాక్టర్లు మామూలుగా రాసే మందుల వల్లే రోజూ మన చుట్టూ జరుగుతున్న హాని అది.

నాణ్యత ఒక సమస్య, వాడకం మరో సమస్య

సీసాలో ఉండాల్సిన మందు ఉందా, ఉండకూడనిది కలిసిందా అనేది నాణ్యత ప్రశ్న. దానికి బాధ్యత తయారీదారుడిది, తనిఖీ చేయాల్సిన ఔషధ నియంత్రణ శాఖలది. రోగి గానీ, చీటీ రాసే డాక్టరు గానీ రంగు, రుచి చూసి విషాన్ని పట్టుకోలేరు.

ఆ మందు ఈ మనిషికి, ఈ వయసులో, ఈ మోతాదులో, ఇప్పటికే వేసుకుంటున్న మందులతో కలిపి సరిపోతుందా అనేది వాడకం ప్రశ్న. దీనికి ఒక్కరు బాధ్యులు ఉండరు. రాసినవాళ్లు, ఇచ్చినవాళ్లు, పట్టించినవాళ్లు, ఆ తర్వాత గమనించాల్సినవాళ్లు, అందరి పనీ ఇందులో ఉంటుంది.

ఛింద్వాడాలో ఈ రెండూ కలిశాయి. పిల్లల్ని చంపింది డైఇథిలీన్ గ్లైకాల్. అందులో సందేహం లేదు. కానీ ఆ సిరప్‌లో ఉండాల్సిన మందుల్లో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కూడా ఉన్నాయి. ఈ రెండూ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని, ఆ మాట లేబుల్ మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. చనిపోయిన పిల్లల్లో చాలామంది ఐదేళ్లలోపువాళ్లు. సిరప్‌లో విషం లేకపోయినా వాళ్లలో అనేకమందికి అది అవసరం లేని మందు. చిన్నపిల్లల దగ్గు, జలుబు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. ఈ మరణాల తర్వాత కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ కూడా రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు కూడా సాధారణంగా వాడకూడదని సూచన ఇచ్చింది.

కల్తీ కేసులో ఫ్యాక్టరీ మూతపడుతుంది, అరెస్టులు జరుగుతాయి. అవసరం లేని మందు ఎందుకు చేతికి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం అంత తేలికగా జవాబు దొరకదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

దుష్ప్రభావం, పొరపాటు, హాని: తేడా ఎక్కడ

ఒకరికి మొదటిసారి పెన్సిలిన్ ఇచ్చారు. ముందు ఎలర్జీ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఇది మందు దుష్ప్రభావం. ఇందులో ఎవరి తప్పూ లేదు. మూడు నెలల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు, ఆ సంగతి అడగకుండా, రోగి చెప్పకుండా, అమోక్సిసిలిన్ రాశారు. అదీ పెన్సిలిన్ కుటుంబంలోదే. ఇప్పుడు దద్దుర్లు వస్తే అది తప్పించగలిగిన హాని. అదృష్టం కొద్దీ ఏమీ కాకపోతే, హాని లేని పొరపాటు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, హాని లేని పొరపాట్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మెడికల్ షాపులో మెట్‌ఫార్మిన్ 500 బదులు మెట్రోనిడజోల్ చేతికిచ్చి, “అయ్యో, ఇది కాదమ్మా” అని వెంటనే మార్చేస్తే ఆ విషయం అక్కడితో ముగుస్తుంది. ఒకటి షుగర్ మాత్ర, రెండోది ఇన్‌ఫెక్షన్ మాత్ర. పేర్లు దగ్గర దగ్గరగా మొదలవుతాయి, 500 మిల్లీగ్రాముల మాత్రలు రెంటిలోనూ ఉన్నాయి. వేరే దేశాల్లోనూ ఈ రెండూ తారుమారైన సందర్భాలు నమోదయ్యాయి. ఇవాళ దొరికిపోయిన పొరపాటు రేపు ఇంకొకరి విషయంలో దొరకకపోవచ్చు. అందుకే తప్పిపోయిన ప్రమాదాలను కూడా రాసిపెట్టుకోవాలని భద్రత గురించి పనిచేసేవాళ్లు పదేపదే అడుగుతుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ‘హాని లేని మందులు’ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మందుల పొరపాట్ల ఖర్చు ప్రపంచవ్యాప్తంగా ఏటా 4,200 కోట్ల డాలర్లు ఉంటుందని అప్పుడు అంచనా వేసింది. అది ముఖ్యంగా దృష్టి పెట్టమన్న సందర్భాలు మూడు: ప్రమాదం ఎక్కువున్న మందులు లేదా పరిస్థితులు, ఒకే మనిషి అనేక మందులు వాడటం, రోగి ఒక చోటినుంచి ఇంకో చోటికి మారడం. మన పీహెచ్‌సీ, బస్తీ దవాఖానా, ఆర్‌ఎంపీ, మెడికల్ షాపుల మధ్య తిరిగే ఒక పెద్దావిడ జీవితంలో ఈ మూడూ ఒకే వారంలో కనిపిస్తాయి.

పారాసిటమాల్: ఒకే పేరు, మూడు సీసాలు

ముందు తేలికైన లెక్క చూద్దాం. ఏడాది దాటిన పాప. బరువు 10 కిలోలు. జ్వరం. పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. అంటే ఈ పాపకు 150 మిల్లీగ్రాములు.

మెడికల్ షాపులో పిల్లల పారాసిటమాల్ అడిగితే మూడు రకాలు దొరుకుతాయి. డ్రాప్స్‌లో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో ఒక రకం 5 మిల్లీలీటర్లకు 125, ఇంకో రకం 5 మిల్లీలీటర్లకు 250. పాపకు కావలసిన 150 మిల్లీగ్రాములకు డ్రాప్స్ అయితే 1.5 మిల్లీలీటర్లు, 125 సిరప్ అయితే 6, 250 సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు.

డాక్టరు మొదటిసారి 125 సిరప్ రాసి, “ఆరు ఎంఎల్ పట్టండి” అన్నారు. తల్లికి ఆ ‘ఆరు’ గుర్తుండిపోయింది. రెండు నెలల తర్వాత రాత్రి జ్వరం వచ్చింది. షాపులో 250 సిరప్ ఇచ్చారు. ఆరు ఎంఎల్ పట్టారు. 300 మిల్లీగ్రాములు, అంటే రెట్టింపు. డ్రాప్స్ సీసా చేతికొచ్చి ఆరే పట్టి ఉంటే 600 మిల్లీగ్రాములు, నాలుగు రెట్లు. అలా రోజుకు నాలుగు సార్లు పడితే 2,400. కిలోకు 240 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టు. అది కాలేయాన్ని దెబ్బతీసే స్థాయి.

ఇందులో తల్లి చేసిన తప్పేమిటి? చెప్పిన మాట గుర్తుపెట్టుకోవడం. డాక్టరు చేసిన తప్పు? మిల్లీగ్రాములు చెప్పకుండా మిల్లీలీటర్లు మాత్రమే చెప్పడం. షాపువాళ్లది? స్టాకులో ఉన్న సీసా ఇచ్చి, మోతాదు మారిందని చెప్పకపోవడం. ఎవరి వరకు వాళ్లు చూసుకుంటే పెద్ద తప్పేం కనిపించదు. ఈ రంగంలో ఎక్కువ హాని ఇలాగే, ఒకరి పనికీ ఇంకొకరి పనికీ మధ్య ఉన్న సందుల్లో జరుగుతుంది.

ఓఆర్‌ఎస్‌దీ ఇలాంటి కథే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ల ప్రకారం లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్‌ను ఒక గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు సుమారు అయిదు రెట్లు చిక్కబడుతుంది. విరేచనాలతో నీరసించిన పసిబిడ్డ రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. అట్టపెట్టెలో తియ్యగా అమ్మే పానీయంలో దీనికి ఎదురు సమస్య: చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీరు లాగి విరేచనాలు పెరుగుతాయి. రెండూ ‘ఓఆర్‌ఎస్’ పేరుతోనే ఒకే అలమరాలో ఉంటే అమ్మానాన్నలు తేడా ఎలా తెలుసుకుంటారు? శివరంజని సంతోష్ ఇన్నేళ్లుగా అడిగిన ప్రశ్న ఇదే. పేరు మార్చడం మందుల భద్రతలో చిన్న విషయం కాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు చెప్పడానికి.

మోకాళ్ల నొప్పి మాత్ర బీపీ మాత్రతో కలిస్తే

ఇప్పుడు అసలు చిక్కుముడి. 62 ఏళ్ల ఒక ఆవిడను ఊహించుకుందాం. బీపీ ఉంది. టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర రోజూ పొద్దున వేసుకుంటుంది. రెండోది మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపే మందు. ఒకే మాత్ర కాబట్టి ‘నాకు బీపీకి ఒక్క గోలీయే’ అంటుంది. వాస్తవానికి రెండు మందులు వాడుతోంది.

మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లో షాపులో అడిగితే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్రల షీటు ఇచ్చారు. నొప్పి తగ్గింది. షీటు అయిపోతే ఖాళీ షీటు చూపించి ఇంకోటి తెచ్చుకుంది. మే నెల వచ్చింది. ఎండకు, నీళ్లు తేడా చేసి రెండు రోజులు వాంతులు, విరేచనాలు. ఆ రెండు రోజులూ మాత్రలు మానలేదు. బీపీ మాత్ర ఎప్పుడూ మానకూడదని చెప్పారు కదా. మూడో రోజుకు మూత్రం తగ్గిపోయింది, కాళ్లు వాచాయి, పెద్దాసుపత్రిలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందన్నారు.

లోపల ఏం జరిగింది? కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. ఒక్కోదానికి రక్తం వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి. వడపోత సాగాలంటే వాటి మధ్య ఒత్తిడి ఉండాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు శరీరం తెలివిగా రెండు పనులు చేస్తుంది: ప్రోస్టాగ్లాండిన్ల సాయంతో వచ్చే దారిని వెడల్పు చేస్తుంది, యాంజియోటెన్సిన్ సాయంతో పోయే దారిని బిగిస్తుంది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి పెయిన్ కిల్లర్లు ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి, కాబట్టి వచ్చే దారి ఇరుకవుతుంది. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్‌ను అడ్డుకుంటుంది, పోయే దారి వదులవుతుంది. నీరు పోగొట్టే మందు, దానికి తోడు విరేచనాలు, అసలు రక్తం పరిమాణాన్నే తగ్గిస్తాయి. మూడూ ఒకేసారి జరిగితే వడపోత ఒత్తిడి పడిపోతుంది. ఈ మూడు రకాల మందులు దేనికది మంచివే, కోట్లమంది వాడుతున్నవే.

ఇక్కడ భయపెట్టడమూ తప్పే, తేలికగా తీసేయడమూ తప్పే. బ్రిటన్‌లో బీపీ మందులు వాడే రోగుల రికార్డులతో చేసిన పెద్ద అధ్యయనం 2013లో వచ్చింది. మూడు రకాలూ కలిపి వాడినవాళ్లలో హఠాత్తుగా కిడ్నీ దెబ్బతినే రేటు 31 శాతం ఎక్కువ ఉందని, మొదటి 30 రోజుల్లోనైతే 82 శాతం ఎక్కువ ఉందని అది చెప్పింది. అంటే వేసుకున్న ప్రతి ఒక్కరి కిడ్నీ పాడవుతుందని కాదు. ఎక్కువమందికి ఏమీ కాదు. అందుకే ఈ ప్రమాదం కళ్లకు కనిపించదు కూడా. ఒక షాపువాడు వందమందికి ఇచ్చి ఉండొచ్చు, అతనికి ఒక్క కేసు కూడా తెలిసి ఉండకపోవచ్చు. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఆ షాపుకు తిరిగి రాడు, పెద్దాసుపత్రికి పోతాడు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు ఇక్కడ గుర్తుకు రావడం సహజం. అక్కడి కిడ్నీ జబ్బుకు పొలం పని తర్వాత వేసుకునే పెయిన్ కిల్లర్లే కారణమని చాలామంది అంటుంటారు. పరిశోధకులు పరిశీలించిన అంశాల్లో అదొకటి, నీళ్లు, ఎండలో నిర్జలీకరణ లాంటివి మరికొన్ని. ఒకే కారణం అని తేల్చింది ఇప్పటిదాకా లేదు. కిడ్నీలు ఇప్పటికే బలహీనంగా ఉన్న ఊళ్లో పెయిన్ కిల్లర్లు మరింత చేటు చేస్తాయన్నది మాత్రం నిజం. ఈ రెండు మాటలూ వేరు. వాటిని కలిపేస్తే అసలు కారణం కోసం వెతకడం ఆగిపోతుంది.

మళ్లీ మన ఉదాహరణకు వద్దాం. ఆవిడకు బీపీ మాత్ర రాసిన డాక్టరుకు పెయిన్ కిల్లర్ సంగతి తెలియదు. షాపువాళ్లకు బీపీ మాత్ర సంగతి తెలియదు, లేదా అడగలేదు. విరేచనాలకు సెలైన్ పెట్టిన ఆర్‌ఎంపీకి ఈ రెండూ తెలియవు. మొత్తం జాబితా ఉన్నది ఒక్కచోటే. ఆవిడ ఇంట్లో మేకుకు తగిలించిన పాలిథిన్ కవర్లో. ఆ కవర్ని బల్ల మీద బోర్లించి, షీటు షీటూ తిప్పి చదివే పని ఎవరి ఉద్యోగంలోనూ స్పష్టంగా రాసి లేదు.

ఒకే మందుకు పది పేర్లు: జెనెరిక్ పేరు వాదన

ఇంకో లెక్క. జ్వరం వచ్చిన మనిషి డోలో 650 రోజుకు నాలుగు వేసుకుంటున్నాడు: 2,600 మిల్లీగ్రాముల పారాసిటమాల్. జలుబు మాత్ర మూడు పూటలా. అందులో 500 చొప్పున 1,500. ఒళ్లు నొప్పులకు ఎసిక్లోఫెనాక్ కలిసిన మాత్ర రెండు. అందులో 325 చొప్పున 650. మొత్తం 4,750. పెద్దవాళ్లకు రోజుకు 4,000 దాటకూడదు. మద్యం తాగేవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. ఆ మనిషి దృష్టిలో తాను వేసుకున్నవి మూడు వేరే మందులు.

బ్రాండు పేరు బదులు మందు అసలు పేరుతో చీటీ రాస్తే ఇలాంటివి బయటపడతాయన్నది ఒక వాదన. భారత వైద్య మండలి 2016లో జెనెరిక్ పేర్లతో, చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని నిబంధన సవరించింది. పెద్ద అక్షరాల కోసం కోర్టుకెళ్లినవాళ్లలో నల్లగొండకు చెందిన ఒక ఫార్మసిస్ట్ కూడా ఉన్నారు. హైదరాబాద్ హైకోర్టులో ఆయన ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఇంకో అడుగు వేసి, చదవగలిగే ప్రిస్క్రిప్షన్ పొందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమంది.

జెనెరిక్ పేరు తప్పనిసరి చేస్తూ జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధనలు తెచ్చింది. డాక్టర్ల సంఘాలు గట్టిగా వ్యతిరేకించడంతో అదే నెలలో వాటిని నిలిపేసింది. ఆ వ్యతిరేకతలో బలమైన మాట ఒకటుంది. డాక్టరు బ్రాండు రాయకపోతే ఏ కంపెనీది ఇవ్వాలన్న నిర్ణయం షాపు చేతికి పోతుంది, అక్కడ లాభం ఎక్కువ వచ్చేదే చేతికొస్తుంది. అన్ని కంపెనీల నాణ్యత మీద నమ్మకం కలిగించకుండా ఆ పని చేయడం రోగికి మేలా? కోల్డ్‌రిఫ్ చూశాక ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అటువైపు మాటా అంతే బలమైనది: బ్రాండు పేర్ల అడవిలో ఒకే మందు రెండుసార్లు లోపలికి పోవడాన్ని డాక్టర్లే పట్టుకోలేకపోతున్నారు, మామూలు మనిషి ఎలా పట్టుకుంటాడు? నా అభిప్రాయంలో రెండు పేర్లూ రాయడం వల్ల పోయేదేం లేదు. మందు పేరు పెద్దగా, బ్రాండు పక్కన.

ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇస్తే మారుతుందా?

తెలుగు పల్లెల్లో జ్వరానికి మొదటి తలుపు తరచూ ఆర్‌ఎంపీదే. పిలిస్తే రాత్రి కూడా వస్తారు, అప్పు పెడతారు. అర్హత లేకుండా యాంటీబయాటిక్, స్టెరాయిడ్ సూదులు వేయడం చట్ట విరుద్ధమని, నిషేధమే పరిష్కారమని డాక్టర్ల సంఘాలు అంటాయి. వాళ్లు ఉన్నారు, ఉంటారు, కాబట్టి హద్దులు నేర్పి వాడుకోవాలన్నది రెండో పక్షం.

ఈ గొడవలో ఊహలు కాకుండా గట్టి ఆధారం ఒకటుంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో అర్హత లేని 304 మంది వైద్యులను చిట్టీలు తీసినట్టు రెండుగా విడదీసి, ఒక భాగానికి తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చారు. ఫలితాలు 2016లో వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు జబ్బును సరిగ్గా చూసుకోవడం మెరుగైంది. అనవసర మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. ఇరుపక్షాలూ తమకు నచ్చిన సగాన్నే చెబుతుంటాయి. పూర్తి వాక్యం చెప్పేది ఏమిటంటే, తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. మందు అమ్మితేనే ఆదాయం, సూది వేస్తేనే రోగికి తృప్తి. ఈ రెండూ శిక్షణతో మారేవి కావు.

యాంటీబయాటిక్‌ల విషయంలో ప్రభుత్వం చట్టం దారి పట్టింది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం అందులోని మందులు అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారన్నది రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. నిబంధన బాగుంది. అది ఎంత పనిచేస్తుందన్నది రిజిస్టర్ తెరిచి చూసే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఎంతమంది ఉన్నారన్నదాని మీద ఆధారపడి ఉంది.

పనిచేస్తుందని తేలినవి

ఇంగ్లండ్‌లో కుటుంబ డాక్టర్లు రాసిన ప్రిస్క్రిప్షన్ మందుల్లో ప్రతి 20కి ఒకదానిలో ఏదో ఒక పొరపాటు ఉందని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. వాటిలో అత్యధికం చిన్నవి లేదా మధ్యస్థమైనవి; తీవ్రమైన పొరపాటు ఉన్నది ప్రతి 550 మందుల్లో ఒకదానిలో. కంప్యూటర్లు, చదవగలిగే చీటీలు, ప్రతి రోగికీ ఒకే క్లినిక్ ఉన్న వ్యవస్థలో వచ్చిన లెక్క అది. చీటీ శుభ్రంగా ఉంటే సరిపోదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అక్కడే 72 క్లినిక్‌లలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు అదే ఏడాది వచ్చాయి. కొన్ని క్లినిక్‌లకు కంప్యూటర్ ఇచ్చిన ప్రమాదపు జాబితా మాత్రమే అందింది. మిగతా వాటికి జాబితాతో పాటు ఒక ఫార్మసిస్ట్ వెళ్లి, డాక్టర్లతో కూర్చుని, ఒక్కో రోగి గురించి ఏం చేయాలో మాట్లాడి సరిచేయించారు. కడుపులో పుండ్లు వచ్చిన చరిత్ర ఉన్నా గ్యాస్ మాత్ర తోడు లేకుండా పెయిన్ కిల్లర్ వాడుతున్నవాళ్లు, ఆస్తమా ఉండి బీటా బ్లాకర్ రకం గుండె, బీపీ మందు వాడుతున్నవాళ్లు, పదిహేను నెలలుగా రక్త పరీక్షలు లేకుండా కొన్ని రకాల బీపీ, నీరు పోగొట్టే మందులు వాడుతున్న పెద్దవాళ్లు, ఈ మూడు రకాలూ ఫార్మసిస్ట్ వెళ్లిన చోట గణనీయంగా తగ్గాయి. స్కాట్లండ్‌లో 2016లో వచ్చిన ఇంకో ప్రయోగంలో శిక్షణ, కంప్యూటర్ సాయం, తనిఖీ చేసినందుకు కొంత పారితోషికం కలిపి ఇస్తే ప్రమాదకరమైన ప్రిస్క్రిప్షన్లు 3.7 శాతం నుంచి 2.2 శాతానికి పడిపోయాయి.

ఇవి మనకు అతికించుకోగలిగిన నమూనాలేనా? నేరుగా కాదు. అక్కడ షాపులో చీటీ లేకుండా దొరకని మందులు ఇక్కడ దొరుకుతాయి. రికార్డు కూడా ఒక్కచోట ఉండదు. కానీ ఒక పాఠం దేశం మారినా మారదు: జాబితాను చూడటానికి ఒక మనిషి, ఆ పనికి సమయం, ఆ మనిషి మాట వినే డాక్టరు. ఈ మూడూ ఉన్నచోటే మార్పు వచ్చింది. కంప్యూటర్ హెచ్చరికలు ఒక్కటే పెడితే, రోజూ వందసార్లు మోగే హెచ్చరికను ఎవరూ చదవరు.

మన దగ్గరా ఒక మంచి ఉదాహరణ ఉంది. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని సూత్రం సరళం. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి కొద్ది మందులు, మెట్లు మెట్లుగా పెంచే ఒకే పద్ధతి, ప్రతి రోగికి ఒక కార్డు, ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నెలనెలా మాత్రలు. 2022లో ఐక్యరాజ్య సమితి పురస్కారం దీనికి దక్కింది. బీపీ అదుపు దీని లక్ష్యమే గానీ, భద్రతకు కూడా ఇది మేలు చేసింది. పది బ్రాండ్ల బదులు మూడు మందులే ఉంటే నర్సు కూడా వాటిని గుర్తుపడుతుంది, మోతాదు తేడా కంటికి కనిపిస్తుంది.

ఆ కవరు ఎవరు విప్పాలి?

అందుబాటులో ఉన్నవాళ్లలో మొదట గుర్తొచ్చేది ఫార్మసిస్ట్. చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ పర్యవేక్షణలోనే మందులు ఇవ్వాలి. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి మందు గురించి వివరించడాన్ని కూడా ఫార్మసిస్ట్ పనిగా గుర్తించాయి. చాలా షాపుల్లో గోడ మీద సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్ దగ్గర చెయ్యి ఇంకొకరిది. మరోవైపు ఆరేళ్ల ఫార్మ్.డి చదివి, మందుల కలయికల గురించే ప్రత్యేకంగా నేర్చుకుని తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచి ఏటా బయటికొస్తున్న యువత ఉన్నారు. వాళ్లకు తగిన ఉద్యోగాలు మాత్రం పీహెచ్‌సీల్లో కనిపించవు. ఈ రెండు నిజాలూ పక్కపక్కనే ఉండటం నన్ను బాధపెడుతుంది.

రెండో ఆశ డిజిటల్ రికార్డు. 2021 నుంచి ఆభా అనే డిజిటల్ ఆరోగ్య సంఖ్య ఇస్తున్నారు, దూరం నుంచే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందువరసలో ఉంది. ప్రతి డాక్టరూ రోగి మందులన్నీ ఒకే తెరమీద చూడగలిగితే బాగానే ఉంటుంది. దీని మీద రెండు అభ్యంతరాలున్నాయి. ఆరోగ్య వివరాల గోప్యత ఒకటి. రెండోది మరీ ఆచరణకు సంబంధించినది: నగదిచ్చి, చీటీ లేకుండా కొన్న పెయిన్ కిల్లర్ ఏ రికార్డులోకీ ఎక్కదు. మన ఉదాహరణలోని ఆవిడను దెబ్బతీసింది సరిగ్గా ఆ మాత్రే.

మూడో మార్గం హాని జరిగాక దాన్ని నమోదు చేయడం. 2010లో మొదలైన దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కార్యక్రమానికి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ కేంద్రం. మందు దుష్ప్రభావాన్ని రోగి కూడా స్వయంగా తెలియజేయవచ్చు. తెలుగులో ఫారం ఉంది, 1800-180-3024 ఉచిత నంబర్ ఉంది. అయితే ఈ కార్యక్రమానికి కళ్లు, చెవులు ప్రధానంగా వైద్య కళాశాలల్లోని కేంద్రాలే. ఊళ్లో జరిగినది అక్కడికి చేరేలోపు చాలావరకు జారిపోతుంది.

నాలుగోది ఇప్పటికే నడుస్తున్న ఒక పని. ఆశా వర్కర్, ఏఎన్‌ఎం నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు అందిస్తున్నారు. ఆ పది నిమిషాల్లో “ఇంకేమైనా గోలీలు వేసుకుంటున్నావా పెద్దమ్మా? ఆ కవరు ఒకసారి తెస్తావా?” అని అడిగితే షాపు నుంచి వచ్చిన మాత్ర కూడా బయటపడుతుంది. వాళ్ల మీద ఇప్పటికే సర్వేలు, యాప్‌లు, రిజిస్టర్ల భారం ఉందన్నది కాదనలేని నిజం. ఇంకో కాలమ్ చేరిస్తే తొందరలో ‘లేవు’ అని టిక్ పెట్టేసే అవకాశమూ ఉంది. అడిగిన తర్వాత ఏం చేయాలన్నది కూడా ముందే తేలాలి. ఏఎన్‌ఎం పెయిన్ కిల్లర్ షీటు చూసింది, ఆవిడ బీపీ మాత్ర కార్డులో కనిపిస్తోంది. ఆ కబురు డాక్టరుకు ఫోన్లో చెప్పాలా, పై నెల చెకప్ దాకా ఆగాలా, షీటు పక్కన పెట్టించే అధికారం ఆమెకు ఉందా? ఇంగ్లండ్ ప్రయోగంలో ఫార్మసిస్ట్ చేసిన పని సరిగ్గా ఇదే: చూసినదాన్ని నిర్ణయం తీసుకోగలిగిన మనిషి దగ్గరికి చేర్చడం. పీహెచ్‌సీ స్థాయిలో ఆ బాధ్యత ఎవరిదో ఒక పేరు రాసి పెట్టే వరకు, మాత్రల పంపిణీ ఎంత క్రమం తప్పకుండా జరిగినా, కవరులో ఉన్న మిగతా షీట్లు ఎవరి కంటా పడకుండానే ఉంటాయి.